పదహారేండ్ల పిల్లలకు ఒక నారుమడి



మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో గ్రామములకు పోయినప్పుడు తల్లిదండ్రులు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "మావోడు పది పాసయినాడు సార్. చదువుకుంటానే ఏందైనా యాపారం పెడ్తానంటాడు. ఏం పెట్టియ్యమంటారు?" కొందరు పిల్లలు పుంగనూరు ఆవు కావలెనందురు. ఆ పొట్టి జాతి దూడలకు లక్షల ధర పలికినదని ఫోనులో చూచియుందురు. మరికొందరు ఒక ఎకరము టమాట పెట్టించమందురు. 2023 జూలై నెలలో మదనపల్లె మార్కెట్టులో కిలో టమాట 100 రూపాయలు దాటిన సంగతి వారికి బాగుగా జ్ఞాపకమున్నది. అదే మార్కెట్టులో కోత కూలి కూడ రాక, కాయలను రోడ్డు ప్రక్కన పారబోసిన సంవత్సరములు మాత్రము జ్ఞాపకము లేవు.

ఈ రెండింటికిని నేను ఒప్పుకొనను. పిల్లవానికైనను ఆడపిల్లకైనను మొదటి వ్యాపారముగా ఇవ్వవలసినది టమాట పంట కాదు, టమాట నారు అని నా అభిప్రాయము.

కారణము చెప్పెదను. పంట పెట్టినవాడు మూడు నాలుగు నెలలు పెట్టుబడి పెట్టి, ధర ఎంతో తెలియకయే మార్కెట్టుకు పోవలెను. నారు పెంచువాడు విత్తనము వేయుటకు ముందే ధర మాట్లాడుకొనవచ్చును. నారు 25 రోజులు మొదలు 30 రోజులలో తయారగును. తప్పు జరిగినచో ఒక నెల శ్రమయు కొద్ది డబ్బును పోవును గాని, తండ్రి భూమి తాకట్టుకు పోదు. పని ఉదయము ఒక గంట, సాయంత్రము ఒక గంట. కాలేజీ మానవలసిన అవసరము లేదు. అయితే టమాట ధర పడిపోయిన ఏడు నారు కొనువారును తగ్గుదురు. అందుచేతనే బయానా తీసుకొనకుండ ఒక్క ట్రే కూడ నింపరాదు.

ఇది క్రొత్త ఆలోచన కాదు. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రమున మేరీ క్రోమర్ అను పల్లెటూరి ఉపాధ్యాయురాలు 1910లో బాలికలకు టమాట సంఘమును స్థాపించినది. ఒక్కొక్క బాలిక ఎకరములో పదవవంతు, అనగా మన లెక్కలో 10 సెంట్లు, టమాట పండించి, కాయలను డబ్బాలలో నిలువచేసి అమ్ముకొనుచుండెను. ఖర్చును రాబడిని వారే వ్రాసికొనవలెను. పిల్లలకు భూమి తక్కువగా ఇచ్చిరి, లెక్క మాత్రము పూర్తిగా వారి చేతికే ఇచ్చిరి. మన యిండ్లలో జరుగునది దీనికి విరుద్ధముగా నున్నది. పని ఎంతైనను చెప్పుదుము, లెక్క మాత్రము చూపము.

ఇక పని విషయము. నాలుగడుగుల సాళ్ళలో అడుగున్నర ఎడముగా నాటినచో ఎకరమునకు సుమారు 7,260 మొక్కలు పట్టును. 98 గుంటల ట్రేలు 85 నింపినచో 8,330 గుంటలగును. నూటికి 90 మొలచినను ఒక ఎకరమునకు నారు సరిపోవును. ఇన్ని ట్రేలకు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవుగల చిన్న పందిరి చాలును. పెరటిలో ఆ మాత్రము స్థలము లేని రైతు ఇల్లు అరుదు. ట్రేకు ఒక కిలోకు కొంచెము పైగా శుద్ధిచేసిన కొబ్బరి పొట్టు పట్టును. గుంటకు ఒక విత్తనము చొప్పున అర సెంటీమీటరు లోతున వేసి, ట్రేలను ఒకదానిపై ఒకటి పేర్చి ప్లాస్టిక్ పట్టాతో కప్పవలెను. మూడు నాలుగు రోజులకు మొలక కనబడగనే ఆలస్యము చేయక విడదీసి పరచవలెను. ఒక్క రోజు ఏమరినను మొలకలు పాలిపోయి సన్నగా సాగిపోవును.

ఖర్చు తగ్గించరానిది ఒకటి గలదు, అది పందిరి చుట్టు కట్టు నైలాను వల. 40 మెష్‌కు తక్కువ కాని సన్నని వల కట్టి, తలుపు దగ్గర కూడ సందు లేకుండ చేయవలెను. ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ మోసికొని వచ్చును. నారుమడిలోనే ఆ వైరస్ సోకిన మొక్క పొలములో గిడసబారి, కాపు లేకుండ పోవును. మందు కొట్టి దానిని బాగుచేయలేము. మన పిల్లవాడు అమ్మునది ఆకుపచ్చని మొక్క మాత్రమే కాదు, ఇరుగుపొరుగు రైతుయొక్క ఒక కారు ఆదాయము. బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వారి అర్క రక్షక్ వంటి తట్టుకొను సంకర రకము వేసినను వల మానరాదు. నీరు ఎక్కువైనచో నారుకుళ్ళు తెగులు వచ్చును. నాటుటకు నాలుగైదు రోజుల ముందు నీరు తగ్గించి, ఎండ చూపి మొక్కను గట్టిపరచవలెను. పురుగుమందు కలిపి కొట్టు పని మాత్రము పెద్దలే చేయవలెను.

కుప్పము వైపు పట్టు రైతులకు ఈ పద్ధతి వేరుగా చెప్పనక్కరలేదు. రెండవ జ్వరము వరకు ఒకరు పెంచిన చాకీ పురుగులను కొనుట వారికి అలవాటే. కాని చాకీకి గది శుద్ధి, వేడి, తేమ అన్నియు కచ్చితముగా నుండవలెను గనుక అది పిల్లల మొదటి పని కాదు.

లెక్కలో ఒక పొరపాటు అందరును చేయుదురు. విత్తనము, పొట్టు, ట్రేల అరుగుదల, వల, కరెంటు కలిపి ఒక దఫాకు 5,000 రూపాయలైనవని లెక్క కొరకు అనుకొందము. 8,330 గుంటలచే భాగించిన మొక్క ఖర్చు 60 పైసలుగా కనబడును. కాని అమ్మినవి 6,000 మొక్కలే అయినచో నిజమైన ఖర్చు 83 పైసలు. పిల్లవాని కూలి ఇందులో ఇంకను చేరలేదు.

పుంగనూరు దాపున ఒక గ్రామములో ఇంటర్ చదువు పిల్లవాడొకడు నా మాట విని నారు పెంచినాడు. నారు చక్కగా వచ్చినది. కొన్నవారిలో సగమునకు పైగా చిన్నాయనలు, మామలు. "మనోడే గదా, పంట రానీ" అన్నారు. పంట వచ్చినది, డబ్బు రాలేదు. చేతికి వచ్చిన కొద్దిపాటి సొమ్ము తండ్రి బోరు మోటారు రిపేరుకు వాడుకొనినాడు. మోటారు అవసరమే, కాదనను. కాని మరుసటి దఫాకు విత్తనము కొనుటకు పిల్లవానివద్ద ఏమియు మిగులలేదు. ఆ యేడే వాడు బెంగుళూరులో హోటలు పనికి పోయినాడు. వాని వ్యాపారమును చెరచినది తెల్లదోమ కాదు, మనమే. నా తప్పును కలదు. నేను వానికి నారు పెంచుట చెప్పితిని, బాకీ వసూలు చేయుట చెప్పలేదు.

కావున తండ్రులను నేను కోరునది ఇది. మీ పొలమునకు మీ పిల్లవాని నారు తీసుకొన్నను, బయటివానికిచ్చు ధరయే చెల్లించుడు. బంధువులనుండి సగము సొమ్ము ముందుగా మీరే ఇప్పించుడు, పిల్లవాని నోట అడిగించకుడు. వాని లాభము వాని ఖాతాలోనే ఉండనిండు. రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిలులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము పదేండ్లు నిండిన పిల్లలు, బ్యాంకు విధించు పరిమితులకు లోబడి, తమ పొదుపు ఖాతాను తామే నడుపుకొనవచ్చును.

చట్టము కూడ తెలిసియుండవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము క్రింద 18 ఏండ్లు నిండనివారు చేసికొన్న ఒప్పందము చెల్లదు. అప్పు, విత్తనపు బిల్లు, కరెంటు పెద్దల పేరనే ఉండవలెను. ఉద్యాన నర్సరీల నమోదుకు 2010లో చేసిన చట్టము గలదు గనుక అమ్మకము మొదలుపెట్టక ముందే ఉద్యాన అధికారిని కలసికొనుడు. పదునాలుగేండ్లు నిండని పిల్లలు బడి వేళల తరువాత గాని, సెలవులలో గాని మాత్రమే ఇంటి పనికి సాయపడవచ్చునని 2016 సవరణ చెప్పుచున్నది. అందుచేత నేను పదహారేండ్లవారిని గురించియే వ్రాయుచున్నాను.

గ్రామ ఉద్యోగులకు ఒక మనవి. తెల్లవారు జామున కుప్పము స్టేషనులో బెంగుళూరు బండికై నిలుచువారిలో మన రైతుబిడ్డలు ఎందరో మీకును తెలియును. ఇట్టి పిల్లవాడెవడైనను మీ వద్దకు వచ్చినచో పథకము పేరు చెప్పి పంపివేయకుడు. పథకములు చాలవరకు 18 ఏండ్లు నిండినవారికే. వాని వెంట పోయి పందిరి వల చూడుడు. విత్తనపు పొట్లము, లాటు నంబరు, బిల్లు దాచినాడేమో అడుగుడు. నారు తీసుకొను రైతు పేరు, మొక్కల సంఖ్య, ఇవ్వవలసిన తేదీ, ముట్టిన బయానా ఒక నోటుపుస్తకములో వ్రాయించి, ఇరువురిచేత సంతకము పెట్టించుడు. వేసవి పంటకు ఫిబ్రవరి మొదట నాటు రైతుకు జనవరి మొదటి వారములోనే ట్రేలలో విత్తనము పడవలెను. అనగా రైతుల ఇండ్లకు పోయి బయానా అడుగుట డిసెంబరులోనే, సంక్రాంతి ఖర్చులు మీద పడక ముందే జరుగవలెను.