ముఖపరిచయం

మనకు కావలసినవారు ఎవరని అడిగితే ఎవరైనా బంధువులను చెబుతారు, స్నేహితులను చెబుతారు. ఈ రెండు తెగలకూ చెందనివారు మరికొందరున్నారు. ఆ సంబంధానికి తెలుగులో చక్కని పేరే ఉన్నది: ముఖపరిచయం. ప్రతి ఉదయం అదే బస్సు కోసం నిలుచుండే గుమాస్తా, పార్కులో ఎదురుపడే విశ్రాంత ఉద్యోగి, చెప్పకుండానే చక్కెర తగ్గించి టీ అందించే దుకాణదారు ఈ తెగవారే. వారి పేరు తెలియదు, ఇల్లు తెలియదు. తెలుసుకోవలసిన అగత్యమూ ఎన్నడూ కలుగలేదు. “ఏమండీ, రెండు రోజులుగా కనిపించలేదే?” అన్న ఒక్క పలకరింపులో ఆ బాంధవ్యమంతా ఇమిడి ఉండేది.

2020 మార్చి 24 అర్ధరాత్రి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి రాగానే ఈ సంబంధాలన్నీ ఒక్కసారిగా తెగిపోయినవి. బంధుమిత్రులను టెలిఫోను కాపాడింది. దూరదేశాలలోని బిడ్డల ముఖాలను సైతం చేతిలోని తెరమీద చూపించింది. కాని పేరే తెలియనివారి నంబరు ఎవరివద్ద ఉంటుంది? ఆ నెలలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ “సామాజిక దూరం” అన్న మాటకు బదులు “భౌతిక దూరం” అనడం మేలని సూచించింది. మనుషులు ఎడంగా ఉన్నా మనసులు ఎడం కారాదన్నది ఆ సూచనలోని భావం. ఆప్తుల విషయంలో అది సాధ్యమే. ముఖపరిచయానికి మాత్రం ఆ రెండు దూరాలూ ఒకటే. ఆ చోటు, ఆ వేళ, ఎదుటి ముఖం తప్ప దానికి వేరే ఆధారం లేదు.

ముంబయి లోకల్ రైళ్లే ఇందుకు నిదర్శనం. నిత్యం 70 లక్షలకు పైగా ప్రయాణికులను చేరవేసే ఆ రైళ్లలో ఒకే వేళకు, ఒకే పెట్టెలో ఏళ్ల తరబడి ప్రయాణించేవారి బృందాలు ఉంటవి. తాళాలు మ్రోగిస్తూ భజనలు చేసేవారు, పేకాడేవారు, తిరుగు ప్రయాణంలో రాత్రి వంటకు కూరలు తరుగుకొనే స్త్రీలు అక్కడ పరిపాటి. దసరాకు బంతిపూలతో పెట్టెను అలంకరించి పూజ చేస్తారు. 2020 మార్చి 22 అర్ధరాత్రి ఆ రైళ్లు ఆగినవి. జూన్ 15న అత్యవసర సేవల సిబ్బందికోసం మాత్రమే తిరిగి కదలినవి. సామాన్య ప్రజలకు 2021 ఫిబ్రవరి 1న పరిమిత వేళలలో అనుమతి లభించింది. రెండవ ఉద్ధృతితో ఏప్రిల్‌లో అదీ రద్దయి, రెండు మోతాదుల టీకా పొందినవారికి ఆగస్టు 15న మళ్లీ తలుపులు తెరచుకొన్నవి.

ఇంతటి స్వల్ప పరిచయాలకు విలువేమిటని కొందరు శంకించవచ్చు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగం పొందినవారిలో అత్యధికులకు ఆ సమాచారం తరచుగా కలిసే ఆప్తుల వలన కాక, అప్పుడప్పుడూ తారసపడేవారి వలననే అందిందని చూపాడు. కెనడాలో గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ విద్యార్థులను పరిశీలించి 2014లో మరొక సంగతి వెల్లడించారు. సహాధ్యాయులతో మామూలుకన్న ఎక్కువగా మాటలాడిన రోజున ఆ విద్యార్థులు మరింత సంతోషంగా, నలుగురిలో ఒకరుగా ఉన్నట్లు భావించారట. ఇంట్లోనివారు మనలను ప్రేమిస్తారు. వీధిలోని పలకరింపు ఈ ఊరిలో మనకూ చోటున్నదని చెబుతుంది.

ఆంక్షలు సడలి జనం తిరిగి వీధినపడినప్పుడు ముఖాలకు మాస్కులున్నవి. పాత చోట్లలో కొత్తవారు కూర్చున్నారు. కొందరికి ఉద్యోగం పోయింది, కొందరు ఇంటినుండే పనికి అలవాటుపడ్డారు, కొందరు స్వగ్రామాలకు తరలిపోయారు. మరి కొందరు కాలం చేశారు. బంధువు మరణిస్తే కబురు వస్తుంది, మిత్రుడు మరణిస్తే ఎవరో ఒకరు చెబుతారు. ముఖపరిచయస్థుడు కనిపించకపోతే ఆయన ఉన్నాడో లేడో చెప్పే నాథుడు లేడు. పేరు తెలియని వ్యక్తికోసం ఎవరిని విచారించడం? ఏమని విలపించడం?

నేడు రైళ్లు మునుపటివలెనే కిక్కిరిసి నడుస్తున్నవి. టీ దుకాణాలముందు జనం మూగుతున్నారు. ఎదుటివారిని “తమ పేరేమిటండీ?” అని అడగడానికి అరనిమిషం చాలు. ఏనాడైనా ఆ చోటు ఖాళీగా కనిపిస్తే, ఎవరికోసం వాకబు చేయాలో అప్పుడు తెలిసి ఉంటుంది.