విండోస్ తుడిచేసే ముందు ఆవాజ్ వినండి



మా చెల్లెలిది తాడేపల్లిగూడెం. వాళ్లింట్లో ఉన్నది ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్ లాప్‌టాప్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 అడిగే ప్రాసెసర్ల జాబితాలో ఆరో తరం లేదు. కొత్తది కొనేయమని దుకాణం వాళ్ల మష్వరా. బాగా పనిచేసే వస్తువును మూలన పడేయడానికి నాకు దిల్ ఒప్పలేదు. ఏలూరు నుంచి వెళ్లి, ఒక్క పూటలో లినక్స్ ఎక్కించి, శభాష్ అనిపించుకుని వచ్చేశాను.

సాయంత్రం భాంజీ ఫోన్. "మామూ, ఉస్తాద్‌జీ ఆవాజ్ నాకు రావట్లేదు. నాది ఆయనకు వినబడట్లేదట."

ఆ పిల్ల ఆన్‌లైన్‌లో ఉర్దూ నేర్చుకుంటోంది. 'ఖాఫ్' అక్షరాన్ని 'ఖే'లా పలికేయడం మన ఇళ్లలో ఆదత్. ఆ తేడాను ఉస్తాద్ చెవితోనే పట్టుకుని దిద్దాలి. ఇక తెర ఎంత బాగా వెలిగితే ఏం ఫాయిదా? మన ఇళ్లలో కంప్యూటర్ సగం ఆవాజ్ కోసమే. పిల్లల క్లాసులు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాటలు, అమ్మీ పెట్టించుకునే ఖవ్వాలీలు, అన్నీ అదే.

గల్తీ నాది. లినక్స్‌ను ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు. జల్దీలో ఆవాజ్‌కి ఇమ్తెహాన్ పెట్టకుండానే విండోస్ తుడిచేశాను. మర్నాడు వెళ్లి చూస్తే సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐ మీద ఉంది. స్పీకర్స్ అని మార్చగానే ఆవాజ్ వచ్చింది. మైకు మాత్రం మొండికేసింది. ఒకే జాక్‌లో మైకు, హెడ్‌ఫోన్ రెండూ ఉండే హెడ్‌సెట్ అది. చివరికి యూఎస్‌బీ హెడ్‌సెట్ తగిలిస్తే పని అయిపోయింది. యూఎస్‌బీ ఆడియోకి అందరూ పాటించే ప్రమాణం ఒకటి ఉంది. అందుకే చాలావాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు.

నా రాయ్ ఇది. పాత లాప్‌టాప్ గురించి ఖౌఫ్ పెట్టుకోకండి. వాటి సౌండ్ చిప్‌లు చాలావరకు లినక్స్‌లోని ఆల్సా డ్రైవర్లకు ఏళ్లుగా పరిచయమే. తిప్పలు ఎక్కువగా సరికొత్త వాటితోనే. ఇటీవలి ఇంటెల్ లాప్‌టాప్‌లు చాలావాటిలో మైకులు ఒక డీఎస్‌పీ గుండా నడుస్తాయి. దానికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ కావాలి. ఇక తయారీదారు చిప్ వివరాలు బయటపెట్టకపోతే, డ్రైవర్ రాసేవాళ్లు చీకట్లో తడుముకోవాలి. అది మన నసీబ్ కాదు, వాళ్ల లాపర్వాహీ.

అందుకే పెన్‌డ్రైవ్‌తో నడుపుతున్నప్పుడే స్పీకర్, హెడ్‌ఫోన్, బ్లూటూత్ చూడండి. మైకులో మీ మాట రికార్డ్ చేసి వినండి. సెట్టింగ్స్‌లో 'డమ్మీ అవుట్‌పుట్' ఒక్కటే కనిపిస్తే లినక్స్‌కి మీ సౌండ్ చిప్ అందలేదన్నమాట. కొత్త కెర్నల్ ఉన్న వెర్షన్‌తో మళ్లీ ప్రయత్నించండి. అప్పటిదాకా విండోస్ జోలికి పోకండి. కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేటి ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇది మరీ జరూరీ. తర్వాత ఆవాజ్ పోయిందంటే మెషీన్ సంచిలో పెట్టుకుని ఏలూరుకో భీమవరానికో బస్సెక్కాలి.

కొత్తది కొనేవాళ్లకూ ఒక మాట. మా ఏలూరులో తివాచీ తెలిసినవాడు పైన రంగులు చూసి మురిసిపోడు, తిరగేసి ముడులు చూస్తాడు. లాప్‌టాప్‌నీ అలాగే చూడాలి. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకెళ్లి, దుకాణంలోనే లినక్స్‌తో ఆవాజ్ వినిపించమనండి. అడగడానికి షరమ్ ఎందుకు, పైసలు మనవే కదా! నలుగురు అడిగితేనే అమ్మేవాళ్లకు, వాళ్ల ద్వారా తయారీదారులకు ఖబర్ వెళ్తుంది.

భాంజీ క్లాసు మళ్లీ నడుస్తోంది. ఉస్తాద్‌జీ ఇప్పుడు దాని 'ఖాఫ్' దిద్దుతున్నారు. నిన్న ఫోన్‌లో నా 'ఖాఫ్' కూడా తప్పేనని అది నాకు పాఠం చెప్పింది.

ఖుదా హాఫిజ్.