ముట్లుడిగాక ఎముకల సంగతి



ఈ నెల దివిసీమ నుండి వచ్చిన ఒక ఉత్తరంతో మొదలుపెడదాం. “అమ్మగారూ, నాకు 48 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం ముట్లు ఆగిపోయాయి. మా అమ్మ పెరట్లో జారిపడి, తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. మళ్ళీ లేవలేదు. నాకూ అదే గతి పడుతుందేమోనని భయం. హార్మోను మాత్రలు వేసుకుంటే ఎముకలు గట్టిపడతాయని ఒకరు, క్యాన్సరు వస్తుందని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?” అని ఆ సహోదరి వ్రాసింది.

అమ్మా, ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోను మన ఎముకలు త్వరగా అరిగిపోకుండా కాపాడుతుంది. ముట్లుడిగినప్పుడు అది తగ్గిపోతుంది. ఆ తర్వాతి కొన్ని ఏళ్ళలోనే ఎముకలు వేగంగా గుల్లబారుతాయి. అందుకే 1990లలో డాక్టర్లు ఎందరో ఈ హార్మోను మాత్రలు వ్రాసేవారు. అయితే అమెరికాలో 16 వేలకు పైగా స్త్రీలపై జరిగిన పరీక్షను 2002లో మధ్యలోనే ఆపివేశారు. హార్మోన్లు వాడినవారిలో ఎముకలు విరగడం తగ్గింది గాని రొమ్ము క్యాన్సరు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం పెరిగాయి. గనుక కేవలం ఎముకల కోసమని అందరూ వాటిని వాడనక్కరలేదు. ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలతో బాగా బాధపడేవారికి, 60 ఏళ్ళలోపు అయితే, డాక్టరు చూసి ఇవ్వవచ్చు.

మరి ఎముకలకు ఆధారమేమిటి? మొదటిది తిండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మన డెల్టాలో మూడు పూటలా తినే తెల్లబియ్యంలో అది లేనట్టే. వంద గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాములు, నువ్వులలో వెయ్యికి పైగా ఉంటుంది. ఉదయం చోడిజావ, మధ్యాహ్నం మునగాకు కూర, రెండు పూటలా పాలో మజ్జిగో, వారానికి రెండు మూడుసార్లు చిమ్మిలి ఉండ తీసుకోండి. మెత్తళ్ళ వంటి చిన్న చేపలను ముళ్ళతో సహా తినండి. రక్తపోటు ఉన్నవారు ఉప్పుచేపలు మాత్రం తగ్గించాలి.

రెండవది ఎండ. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశీలనలో ఎండలో పనిచేసే పల్లెవారిలో కూడా చాలామందికి విటమిన్ డి తక్కువగా ఉన్నది. పొద్దెక్కాక ముఖానికి, చేతులకు పావుగంట ఎండ తగలనివ్వండి. వేసవిలో వడదెబ్బ తగలకుండా జాగ్రత్తపడండి. ఇంకా లోటుంటే డాక్టరు మాత్రలు ఇస్తారు.

మూడవది నడక. రోజూ అరగంట చురుకుగా నడవండి. ఎముకలు బలహీనపడ్డవారు మాత్రం నడుము వంచి బియ్యం బస్తా, నీళ్ళబిందె ఎత్తకూడదు. నాలుగవది పడకుండా చూసుకోవడం. స్నానాల గదిలో, దొడ్లో పాకుడు లేకుండా చూడండి. రాత్రివేళ దీపం వెలగనివ్వండి. ఇంకొక మాట. మోకాళ్ళ నొప్పులకని ఏ మాత్ర ఇస్తే ఆ మాత్ర నెలల తరబడి మింగవద్దు. స్టెరాయిడ్ మాత్రలు ఎముకలను గుల్ల చేస్తాయి. అలాగని ఇప్పటికే వాడుతున్నవారు ఉన్నపళంగా మానకూడదు. డాక్టరును అడిగి మెల్లగా తగ్గించాలి.

చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు, గూని వస్తున్నవారు, తల్లికి తుంటి విరిగినవారు విజయవాడ వంటి పట్టణంలో డెక్సా పరీక్ష చేయించుకోవడం మంచిది. అవసరమైతే హార్మోను కాని మందులున్నాయి. అలెండ్రోనేట్ మాత్ర వారానికి ఒకటి. పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంటసేపు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఉంది. మూత్రపిండాల జబ్బున్నవారు, పన్ను తీయించుకోబోయేవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

చివరిగా, పడుచు వయసులోనే గర్భసంచి తీయించుకున్న సహోదరీలకు ఒక మాట. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతం ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తంలో అది 3.2 శాతం. గర్భసంచితోపాటు రెండు అండాశయాలూ తీసివేస్తే, ముప్పై ఏళ్ళకే ముట్లుడిగినట్టవుతుంది. ఎముకల అరుగుదల అప్పుడే మొదలవుతుంది. అటువంటివారి లెక్క వేరు. ఏ అభ్యంతరమూ లేకపోతే మామూలుగా ముట్లుడిగే వయసు వరకు హార్మోను ఇవ్వడమే వారికి మేలని డాక్టర్లు చెబుతారు. గనుక పై మాటలు చదివి భయపడి మీ మందు మానవద్దు. ఆపరేషన్ కాగితాలు తీసి, అండాశయాలు ఉన్నవో లేవో చూపించి అడగండి. ఇంకా ఆపరేషన్ కానివారు ఒప్పుకునే ముందే అడగండి: “ఇది తప్పనిసరా? మందులతో నయం కాదా? అండాశయాలు ఉంచుతారా?” రెండవ డాక్టరు మాట కూడా వినండి.

దివిసీమ సహోదరీ, మీ అమ్మగారి బాధ మీకు రావాలని లేదు. రేపు ఉదయమే పొయ్యి మీద చోడిజావ పెట్టండి. ఈ నెలలోనే ఒకసారి పరీక్షకు వెళ్ళండి. ఈ పేజీని మీ స్త్రీల సమాజ కూడికలో చదివి వినిపించండి. చదువురాని అత్తమ్మలకూ, పిన్నమ్మలకూ ఇది తెలియాలి.