గృహిణులకు ఒక మాట: పదునున్న కత్తే క్షేమం



ఈ నెల మన వంటింటి కత్తిని గూర్చి మాట్లాడుకుందాం. "కత్తిని గూర్చి వ్రాయడానికి ఏముంది?" అని నవ్వకండి. ముందు నా వలన జరిగిన పొరపాటు వినండి.

కొన్ని సంవత్సరాల క్రితం కోతపండుగనాడు సంఘమంతటికీ భోజనం వండుతున్నాం. మాది మదనపల్లె పక్క పల్లె, టమాటోలకు కొదువ లేదు. గంపెడు టమాటోలు కోయమని ఒక చిన్నదానికి మా ఇంటి కత్తి ఇచ్చాను. "అత్తా, ఇది తెగడం లేదు" అని ఆ బిడ్డ రెండుసార్లు చెప్పింది. "మొద్దుదైతే మేలేలే, చెయ్యి తెగదు" అన్నాను. కాసేపటికి కత్తి టమాటో తోలుమీద జారి ఆమె చూపుడువేలిలో దిగింది. మూడు కుట్లు పడ్డాయి.

తప్పు బిడ్డది కాదు, నాది. పదునున్న కత్తి మనం పెట్టినచోటే దిగుతుంది. మొద్దు కత్తిని బలంగా నొక్కాలి. నొక్కినప్పుడు జారితే ఆ బలమంతా వేలిమీదికే వస్తుంది. మొద్దు ఇనుప పనిముట్టుకు ఎక్కువ బలం ఖర్చవుతుందని ప్రసంగి 10వ అధ్యాయంలో ఎన్నోసార్లు చదివాను గాని, ఆనాడే నాకు అర్థమైంది.

అరడజను కత్తులు అక్కరలేదు. కూరగాయలకు, మాంసానికి ఆరేడు అంగుళాల అలుగు గలది ఒకటి, తొక్క తీయడానికి మూడు నాలుగు అంగుళాల చిన్నది ఒకటి చాలు. ఎముకలు కొట్టడానికి వీటిని వాడకండి, దానికి మచ్చుకత్తి వేరే ఉండాలి.

కొనేటప్పుడు పిడి చూడండి. అలుగు ఇనుము పిడి చివరిదాకా వెళ్లి, రివిట్లతో బిగించినదైతే ఊడిరాదు. తడిచేత్తో పట్టినా జారకూడదు. స్టీలు కత్తి అయితే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకున్నంత మాత్రాన మంచిదని చెప్పలేం గాని, అంటుకోకపోతే అది పళ్లాలు, గిన్నెలు చేసే మెత్తని రకం కావచ్చు. దానికి పదును నిలవదు.

తుప్పు పట్టని స్టీలును 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డు పట్టణంలో హ్యారీ బ్రియర్లీ తయారుచేశాడు. అందులో క్రోమియం కలుస్తుంది. మన కమ్మరి కొలిమిలో పాత లారీ కమాను పట్టీతో చేసిన కత్తి కూడా తక్కువది కాదు. పదును బాగా నిలుస్తుంది. అయితే చింతపండు, టమాటో, మామిడికాయ పులుపుకు నల్లబడుతుంది. హార్స్లీ కొండల మంచు తేమకు తుప్పు కూడా పడుతుంది. కోసిన వెంటనే కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాస్తే చాలు.

ఎంత మంచి కత్తి అయినా సాన లేనిదే నిలవదు. సానరాయిని తడిపి, కింద తడిగుడ్డ వేసి కదలకుండా ఉంచండి. అలుగు వీపును రాతినుండి చిటికెనవేలు దూరేంత ఎత్తి, ఆ వాలు మారకుండా రుద్దండి. అవతలి అంచున సన్నని గరుకు తగిలాక రెండవవైపు తిప్పండి. పండిన టమాటో మీద పెట్టి, నొక్కకుండా లాగితే తోలు తెగాలి. అదే పరీక్ష. రంపపు పళ్ల కత్తిని ఇలా నూరలేం.

స్టీలు పళ్లెంలోగాని, బండమీదగాని కోయకండి. పదును వెంటనే పోతుంది. చెక్కపలకే మేలు. పచ్చి మాంసం కోసిన పలకను, కత్తిని సబ్బుతో కడిగిన తరువాతే కూరగాయలు కోయండి. అంట్లలో కత్తిని ముంచి వదిలేయకండి. తెలియక చెయ్యి పెట్టిన వారికి తెగుతుంది.

ఆ చిన్నదానికి పెండ్లి అయినప్పుడు నేను ఒక మంచి కత్తి, సానరాయి కానుకగా ఇచ్చాను. కత్తి ఇస్తే బంధం తెగుతుందని ఎవరో అన్నారు. ఆమె నవ్వి, వేలిమీది మచ్చ చూపించి, "ఆ మొద్దు కత్తికే తెగలేదు, దీనికి తెగుతుందా అత్తా?" అన్నది.

ఈ రాత్రి మీ వంటింటి కత్తిని ఒకసారి టమాటో మీద పెట్టి చూడండి.