పొట్టకు కోత పడింది, మరి వడ్డనకో?

లంఖణం పరమౌషధమన్న మాట వినని తెలుగువారుండరు. అయితే విస్తరి ముందు కూర్చున్న మనిషి ‘చాలు’ అన్నప్పుడు ఆ మాటను మన్నించే తెలుగిల్లు మాత్రం అరుదు. ఈ రెండింటి నడుమ నలిగిన దేహం నాది. కనుక అనుభవంతో తెలుసుకొన్న నాలుగు మాటలను పాఠకులకు విన్నవించుకొనే సాహసం చేస్తున్నాను.

మాది చౌడేపల్లె. బోయకొండ గంగమ్మ కొలువైన మండలం. మా వారికి బజారులో చిన్న అంగడి ఉన్నది. నలభై తొమ్మిదవ ఏట నా ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 108 కిలోలు. మధుమేహం, మోకాళ్ళ నొప్పులు, రాత్రివేళ గురకతో ఊపిరి ఆగి మేలుకోవడం నిత్యకృత్యాలైనాయి. 2022లో బెంగుళూరులో జీర్ణకోశాన్ని కుదించే శస్త్రచికిత్స చేయించుకొన్నాను. నేడు నా బరువు 74 కిలోలు. మధుమేహానికి వాడే మాత్రలను వైద్యులు సగానికి తగ్గించారు. మేడమెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలుగుతున్నాను.

ఆయుర్వేదాన్ని గౌరవించే ఇంట కత్తివైద్యం ప్రసక్తి ఏమిటని కొందరు ముఖం చిట్లించవచ్చు. బంధువులు కొందరు నా ఎదుటనే అన్నారు కూడా: “నోరు కట్టుకోలేక పొట్ట కోయించుకొన్నది” అని. వారికి నా సమాధానం ఒక్కటే. చరకసంహిత సూత్రస్థానంలో ‘అష్టౌనిందితీయం’ అనే అధ్యాయం ఉన్నది. అందులో ఆచార్యుడు అతిస్థూలునికి కలిగే దోషాలను ఎనిమిదింటిని లెక్కించి, కృశించిన వానికంటె స్థూలకాయునికి చికిత్స చేయడమే కష్టమని స్పష్టంగా చెప్పాడు. ఆనాడే కష్టమన్న వ్యాధిని ‘నోరు కట్టుకొంటే చాలు’ అని కొట్టిపారవేయడం శాస్త్రమూ కాదు, దయా కాదు. పరగడుపున నిమ్మరసం, మెంతులు, ఉలవకషాయం, తెల్లవారుజామున నడక అన్నీ పదేళ్ళపాటు చేశాను. ఎనిమిది కిలోలు తగ్గి పది కిలోలు పెరిగాను.

అట్లని నాలుగు కిలోలు ఎక్కువ ఉన్నవారందరూ ఆసుపత్రికి పరుగెత్తమని నా అభిప్రాయం కాదు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె ఒకటి ఉన్నది. అది 40 దాటిన వారికి, లేదా మధుమేహం వంటి వ్యాధులతో 35 దాటిన వారికి ఈ చికిత్స తగునని 1991లో అమెరికా నిపుణుల సంఘం నిర్ణయించింది. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆ హద్దును మరికొంత తగ్గించాయి. నా అంకె 45. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు 240 కిలోల బరువున్న యువకునికి ఇదే తరహా చికిత్స చేసిన సంగతి 2023 ఆరంభంలో పత్రికలలో వచ్చింది. కనుక ఇది సంపన్నుల విలాసమనుకోవడం తగదు. ఇది సౌందర్యానికి చేసే కొవ్వుతీత కూడా కాదు. అది వేరు, ఇది వేరు.

ఆకలి పోయింది, తలపు పోలేదు

నాకు చేసిన పద్ధతిలో జీర్ణకోశంలో నాలుగింట మూడు వంతులకు పైగా తొలగించి, అరటికాయవలె సన్నని గొట్టంగా మిగులుస్తారు. తొలగించిన భాగంలోనే ఆకలిని పుట్టించే హార్మోను అధికంగా తయారవుతుంది. దీనిని జపాను శాస్త్రజ్ఞులు 1999లో కనుగొన్నారు. అందువలన మొదటి ఆరు మాసాలు నాకు ఆకలి అన్నదే తెలియలేదు. గడియారం చూచి తిన్నాను. కానీ సాయంకాలం నాలుగు కాగానే వేరుసెనగల డబ్బా వైపు చేయి తనంతట తాను పోయేది. కోత పడింది పొట్టకే. ముప్పై యేళ్ళ అలవాటుకు పడలేదు. ఏడాది గడిచిన పిమ్మట ఆకలి కొంత తిరిగివచ్చింది, దానితోపాటు నాలుగు కిలోలూ వచ్చాయి. శస్త్రచికిత్స గమ్యం కాదనీ, అది ఇచ్చేది కొంత వ్యవధి మాత్రమేననీ అప్పుడు బోధపడింది. 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన, వారానికొకసారి తీసుకొనే సూదిమందులకు కూడా ఈ మాట వర్తిస్తుందని నా నమ్మకం.

పేయ నుండి అన్నం వరకు

శస్త్రచికిత్స తరువాతి ఆహారక్రమాన్ని ఆసుపత్రివారు కాగితంపై వ్రాసి ఇచ్చినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. పంచకర్మలు చేయించుకొన్నవారికి ఆయుర్వేదంలో సంసర్జన క్రమమని ఒకటి ఉన్నది. మొదట పలుచని పేయ, తరువాత చిక్కని విలేపి, ఆ పిమ్మట ఉప్పుకారాలు లేని యూషం, తరువాత పోపు వేసిన యూషం, చివరకు మాంసరసం. మందగించిన అగ్నిని కొంచెం కొంచెంగా రాజవేయడమే దాని ఉద్దేశం. నా కాగితంలోనూ అదే మెట్లవరుస. మొదట తేటనీరు, పలుచని ద్రవాలు. తరువాత మజ్జిగ, పెసరకట్టు, జావ. అటుపైన మెత్తగా మెదిపిన పప్పు. ఆరు నుండి ఎనిమిది వారాలకు మామూలు అన్నం. వరుసలో పోలిక ఉన్నంత మాత్రాన ఒకదానికి బదులు మరొకటి పాటించరాదు. కుట్లు మానవలసిన పొట్ట ఇది. దినాలూ పరిమాణాలూ శస్త్రవైద్యుడు చెప్పినవే ప్రమాణం.

చరకుడు కుక్షిని మూడు భాగాలు చేసి, ఒకటి ఘనపదార్థాలకు, ఒకటి ద్రవాలకు, ఒకటి వాతాది దోషాల సంచారానికి వదలమన్నాడు. మిగిలిన ఈ చిన్నపొట్టలో అన్నానికీ నీటికీ ఒకేసారి చోటు చాలదు. కనుక భోజనం చేసిన తరువాత అరగంట వరకు నీరు త్రాగను. తక్కిన వేళలలో గుటక గుటకగా రోజుకు లీటరున్నర తగ్గకుండా త్రాగుతాను. మాట్లాడక, నవ్వక, మనస్సు పెట్టి భుజించమన్న ఆచార్యుని విధి ఇప్పుడు నాకు నీతివాక్యం కాదు, నిత్యావసరం. ఏమరుపాటుతో ఒక్క ముద్ద తొందరగా మింగితే రొమ్ములో రాయి పడినట్టుంటుంది.

మా సీమలో రాగిసంగటి ముద్దను ఊరిబిండిలో అద్ది, నమలకుండా మింగడం వాడుక. నాకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది. మూడవ మాసంలో నిమ్మకాయంత సంగటిని అలవాటు చొప్పున మింగి, గంటసేపు విలవిలలాడి, చివరకు వాంతి చేసుకొన్నాను. రాగులు మంచివే. నూరు గ్రాములలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉన్నది. అయినా మాంసకృత్తులు ఏడు గ్రాములే. ఇప్పుడు రాగిని పలుచని అంబలిగా మాత్రమే పుచ్చుకొంటున్నాను. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలని వైద్యులు చెప్పారు. మాది శాకాహార కుటుంబం. 50 గ్రాముల పన్నీరు తొమ్మిది గ్రాములు, 200 మిల్లీలీటర్ల పాలు ఆరు గ్రాములు, 30 గ్రాముల పప్పు ఉడికిస్తే ఏడు గ్రాములు ఇస్తాయి. కనుక పళ్ళెంలో ముందుగా పప్పు, పన్నీరు, అనపగింజల పితికిపప్పు తింటాను. అన్నానికి చోటు మిగిలితేనే అన్నం. మొదటి మాసాలలో వైద్యులు చెప్పిన మాంసకృత్తుల పొడి లేకుండా ఆ లెక్క నిండలేదని ఒప్పుకొంటున్నాను. మూడవ మాసం నుండి జుట్టు కుచ్చులుగా రాలింది. ఎన్ని తైలాలు మర్దించినా ఆగలేదు. ఆహారం చక్కబడిన తరువాత, ఏడాది తిరిగేసరికి దానంతటదే నిలిచింది.

మిగిలినది ఎవరు తినాలి?

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయానికి వస్తాను. అందరికీ వడ్డించి, చివరకు గిన్నెలలో మిగిలినదంతా ఊడ్చి తినడం మన గృహిణుల ధర్మమైపోయినది. అన్నం పరబ్రహ్మమనీ, పారవేయరాదనీ నేర్చుకొన్నాము. మంచిదే. కానీ ఆ పరబ్రహ్మాన్ని దాచే పాత్ర ఇల్లాలి పొట్టేనా? పిల్లలు వదలిన దోసె ముక్క, మా వారు మిగిల్చిన పెరుగన్నం, నిన్నటి పులుసు, అన్నీ నా లెక్కలోకి రాని భోజనాలు. 108 కిలోలలో వీటి వాటా తక్కువేమీ కాదు. ఆపరేషను తరువాత మిగిలినది తినే శక్తి నాకు లేకపోయినది. మొదటి వారంలోనే ఇంట్లో రోజూ రెండు గిన్నెల అన్నం మిగలసాగింది. అప్పుడు గాని మేము కొలతకు మించి వండుతున్నామన్న సంగతి మా ఇంటిల్లిపాదికీ తెలియలేదు. ఇప్పుడు అరసోల తక్కువ బియ్యం పోస్తున్నాను. అందరితోపాటు కూర్చొని మొదటనే తింటున్నాను. ముప్పై యేళ్ళ సంసారంలో ఇది నాకు కొత్త.

ఇంట గెలిచినా రచ్చలో ఓడిన సందర్భమూ ఉన్నది. ఒక ఉగాదికి మా ఆడబిడ్డ ఇంటికి వెళ్ళాము. నేను రెండు ముద్దలు తిని చేయి తీయగానే పెద్దవదినె చిన్నబుచ్చుకొన్నది. “ఇదేందమ్మా, పిట్ట తిన్నట్టు తింటావు! నా చేత్తో పెడితే కాదంటావా?” అని నెయ్యి ఓడుతున్న ఓళిగను విస్తట్లో వేసింది. ఆమె మనసు నొప్పించలేక పూర్తిగా తిన్నాను. అరగంట గడవకముందే గుండె దడదడలాడి, ఒళ్ళంతా చెమట పట్టి, కళ్ళు తిరిగి పడుకొన్నాను. తీపి ఒక్కసారిగా ప్రేవులలోకి జారితే ఇట్లా జరుగుతుందని వైద్యులు ముందే హెచ్చరించి ఉన్నారు. పాపం, వదినె తప్పు లేదు. ఆమెకు ముందుగా చెప్పకపోవడం నా తప్పు. సిగ్గుపడి దాచాను. ఆనాడు నా తలవద్ద కూర్చొని విసరుతూ ఆమె అడిగింది: “నాకెందుకు చెప్పలేదమ్మా?” ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. ఇప్పుడు ఆమె నా కోసం చిన్నగిన్నెలో కట్టుచారు విడిగా తీసి పెడుతుంది.

సహజమన్నంత మాత్రాన సరిపోదు

నేను చేసిన మరొక పొరపాటును కూడా దాచను. ఎవరి ప్రేరణా లేదు, అది నా స్వంత బుద్ధే. ఏడాది నిండగానే ‘ఇంటి తిండి తింటున్నాను, మునగాకు తింటున్నాను, ఈ రంగుమాత్రలెందుకు’ అని విటమిను మాత్రలు మానివేశాను. కొన్ని మాసాలకు అరికాళ్ళలో చీమలు పాకినట్లు తిమ్మిరి, నాలుక మంట, చెప్పలేని నీరసం పట్టుకొన్నాయి. వాతమని తైలాలు రాచుకొన్నాను. రక్తపరీక్ష చేయిస్తే బి12 విటమిను అడుగంటి ఉన్నది. ఆ విటమిను ఒంటబట్టాలంటే జీర్ణకోశపు ఆమ్లమూ, అక్కడే ఊరే ఒక ప్రత్యేక పదార్థమూ కావాలి. నాకు ఆ భాగమే చాలావరకు లేదు. పైగా శాకాహారంలో పాలూ పెరుగులలో తప్ప బి12 లేదు. సూదిమందులతో తిమ్మిరి చాలావరకు తగ్గింది. ఎడమ బొటనవ్రేలిలో మాత్రం నేటికీ మిగిలే ఉన్నది.

కనుక ఈ చికిత్స చేయించుకొన్నవారికి నా మనవి ఇది. బి12, ఇనుము, సున్నం, డి విటమినులను వైద్యుడు చెప్పినంతకాలం, అంటే చాలామందికి జీవితాంతం, మానరాదు. ఏటేటా రక్తపరీక్ష తప్పరాదు. లేహ్యాలలో బెల్లమో చక్కెరో ఉంటుంది. ఆసవారిష్టాలలో సహజంగా పుట్టిన మద్యసారం ఉంటుంది. అది మీకు ఇతరులకంటె వేగంగా రక్తంలో కలుస్తుంది. మోకాలి నొప్పికని అంగడిలో మాత్రలు కొని వేసుకొంటే పొట్టలో పుండ్లు పడవచ్చు. ఏది వాడినా ఇద్దరు వైద్యులకూ, అంటే శస్త్రవైద్యునికీ ఆయుర్వేద వైద్యునికీ, తెలిపి వాడండి. సంతానం కోరే యువతులు ఏడాది నుండి ఏడాదిన్నర వరకు ఆగవలసి ఉంటుంది.

ఇక ఇంటివారికి ఒక్క మాట. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది స్త్రీలు, 31 మంది పురుషులు అధిక బరువుతో ఉన్నారు. వీరందరికీ కత్తి అవసరం లేదు. కానీ వీరందరికీ ‘చాలు’ అనే హక్కు అవసరం. కొసరి కొసరి వడ్డించడం ప్రేమే, కాదనను. అయితే ఎదుటివారు ‘చాలు’ అన్నప్పుడు గరిటె వెనుకకు తీయడమూ ప్రేమే. మా పూర్వులు అతిథికి అన్నం పెట్టడం నేర్పారు. అడిగి పెట్టడం మనం నేర్చుకొందాము. పొట్టకు కోత పడకముందే వడ్డనకు కొలత ఏర్పడితే, నావంటి వారు ఆసుపత్రి మెట్లెక్కవలసిన అవసరం చాలా ఇళ్ళకు రాకపోవచ్చు.