సగం మాత్ర వైద్యం: గినీపిగ్ నొప్పికి అంచనా మోతాదులు



మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల అపార్టుమెంట్లలో నివసించే పాఠకుల నుండి నాకు ఒకే తరహా ప్రశ్న పదే పదే వస్తోంది. "డాక్టరు గారూ, మా గినీపిగ్ నిన్నటి నుండి మేత ముట్టడం లేదు. నొప్పితో ఉన్నట్టుంది. ఇంట్లో నొప్పి మాత్ర ఉంది. సగం ఇవ్వమంటారా, పావు ఇవ్వమంటారా?"

సగమూ వద్దు, పావూ వద్దు. ఆ మాత్రను తిరిగి డబ్బాలో పెట్టండి, ఆ జీవాన్ని పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ఈ మాట కటువుగా తోచవచ్చు. కానీ "కొంచెమే కదా, ఏమవుతుంది" అన్న ఆలోచన ఎంత ప్రమాదకరమో వివరించడం ఒక వైద్యునిగా నా బాధ్యత అనుకుంటున్నాను. ఆ ఆలోచన గినీపిగ్ దగ్గరే ఆగదు. పెద్దవాళ్ల మాత్రను విరిచి పసిపిల్లలకు తినిపించే అలవాటుకు మూలం కూడా అదే.

కిలోల లెక్క చేసి చూడండి

మెలోక్సికామ్ అనే నొప్పి మందు మనుషులకూ ఉంది, జంతువులకూ ఉంది. మనుషుల మాత్రలు 7.5 మి.గ్రా., 15 మి.గ్రా. పరిమాణాలలో దొరుకుతాయి. అరవై కిలోల మనిషి రోజుకు 15 మి.గ్రా. తీసుకుంటే కిలో బరువుకు 0.25 మి.గ్రా. చొప్పున పడుతుంది. అదే మాత్రలో పావు భాగాన్ని 900 గ్రాముల గినీపిగ్‌కు ఇస్తే కిలోకు నాలుగు మి.గ్రా. దాటుతుంది. అంటే మనిషికి అందే దానికి పదహారు రెట్ల పైమాట. సగం మాత్ర అయితే ముప్పై మూడు రెట్లు. "పావే కదా" అన్న మాటలో దాగి ఉన్న లెక్క ఇది.

అయితే మనిషి మోతాదును కిలోల చొప్పున భాగించి ఇస్తే సరిపోతుందా? అదీ పొరపాటే. చిన్న జంతువుల దేహంలో జీవక్రియ వేగం ఎక్కువ. అందుచేత అనేక మందులు వాటి రక్తంలో త్వరగా తరిగిపోతాయి. గినీపిగ్‌కు కిలో చొప్పున మనిషి కంటే ఎక్కువ మందు అవసరం కావచ్చు. ఎంత ఎక్కువ అన్నది కాలిక్యులేటరు చెప్పలేదు. ఆ జాతిని పరిశీలించి తెలుసుకోవలసిందే. మెలోక్సికామ్ విషయంలోనే పాత పశువైద్య గ్రంథాలు గినీపిగ్‌కు తక్కువ మోతాదు సూచిస్తే, ఇటీవలివి అంతకు కొన్ని రెట్లు ఎక్కువ సూచిస్తున్నాయి. ఈ తేడాలో ఏది వర్తిస్తుందన్నది జంతువు వయసు, మూత్రపిండాల స్థితి, ఒంట్లో నీటి శాతం, నొప్పికి గల కారణం చూసి వైద్యుడు నిర్ణయించాలి. అందుకే ఈ వ్యాసంలో మోతాదు అంకె కోసం వెతకవద్దు. జంతువును చూడకుండా అంకె ఇవ్వడం వైద్యం కాదు.

బరువుల లెక్కను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో వైద్య చరిత్ర చూపింది. 1962లో అమెరికాలోని ఓక్లహోమా నగరపు జంతుప్రదర్శనశాలలో టస్కో అనే ఏనుగుకు శాస్త్రవేత్తలు ఎల్.ఎస్.డి. అనే మందును ప్రయోగాత్మకంగా ఎక్కించారు. పిల్లులకు ఇచ్చిన మోతాదును ఏనుగు బరువుకు హెచ్చించగా 297 మి.గ్రా. వచ్చింది. కొద్ది నిమిషాలలోనే ఏనుగు కుప్పకూలింది, రెండు గంటలు తిరగకుండానే చనిపోయింది. ఆ లెక్క వేసినవారు చదువులేనివారు కారు. వారి గుణకారంలోనూ తప్పు లేదు. ఒక జాతికి సరిపడిన లెక్క మరో జాతికి సరిపడుతుందని అనుకోవడమే తప్పు.

ఒక జీవికి మందు, మరొక జీవికి విషం

ఈ పాఠాన్ని మన దేశం రాబందుల రూపంలో నేర్చుకుంది. పశువుల నొప్పులకు విరివిగా వాడిన డైక్లోఫెనాక్ పశువులకు మేలు చేసింది. ఆ పశువుల కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలు మాత్రం దెబ్బతిన్నాయి. రాబందుల మరణాలకు ఈ మందే కారణమని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో దానిని నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువుల పాకలకు చేరుతూనే ఉన్నాయి. దాంతో 2015లో మనుషుల డైక్లోఫెనాక్ సూదిమందును సైతం 3 మి.లీ. ఒంటి మోతాదు సీసాలకు పరిమితం చేయవలసి వచ్చింది. మనుషుల మందును జంతువులకు మళ్లించే అలవాటు మనలో ఎంత బలంగా నాటుకుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. రాబందులకు హాని చేయని ప్రత్యామ్నాయంగా నిలిచినది మెలోక్సికామే. మంచి మందు ఉన్నా, అది ఏ జీవికి, ఎంత, ఎప్పుడు అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

మరికొన్ని ఉదాహరణలు చూడండి. మనం జ్వరానికి నిశ్చింతగా వేసుకునే పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు. దానిని విరిచి బయటకు పంపే రసాయన ప్రక్రియ పిల్లి కాలేయంలో బలహీనం. కోట్ల మంది మనుషులను కాపాడిన పెన్సిలిన్ గినీపిగ్‌కు ప్రాణాంతకం. ఈ సంగతి 1943లోనే వెల్లడైంది. ఆ మందు దాని పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను తుడిచిపెడుతుంది, వాటి చోట విషం విడుదల చేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్‌తోనూ ఇదే ప్రమాదం. నొప్పి మాత్రతో పాటు "ఇన్‌ఫెక్షన్ ఉంటే పోతుంది" అని పిల్లల సిరప్ కూడా నోట్లో పోసేవారు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

గీతలు, చుక్కలు, సూదులు

"మేము మాత్ర వాడటం లేదు, ద్రవమే వాడుతున్నాం" అనే వారున్నారు. జంతువుల కోసం తయారయ్యే మెలోక్సికామ్ ద్రవం ఒకే గాఢతలో ఉండదు. మి.లీ.కు 1.5 మి.గ్రా. ఉన్నది ఒకటి, 0.5 మి.గ్రా. ఉన్నది మరొకటి. "మా స్నేహితురాలు 0.3 మి.లీ. ఇచ్చింది, తగ్గింది" అన్న వాట్సాప్ సలహాలో సీసా గాఢత రాసి ఉండదు. సీసా మారితే మోతాదు మూడు రెట్లవుతుంది, లేదా మూడో వంతుకు పడిపోతుంది.

కొలవడానికి ఇంట్లో ఉన్న ఇన్సులిన్ సిరంజి వాడతారు. మన మందుల దుకాణాలలో అవి రెండు రకాలు. ఒకదానిలో ఒక మి.లీ.కు 40 గీతలు, రెండోదానిలో 100. "పది గీతల దాకా లాగండి" అన్న సలహా మొదటి దానిలో 0.25 మి.లీ., రెండోదానిలో 0.1 మి.లీ. అవుతుంది. సీసా తేడా, సిరంజి తేడా ఒకే దిశలో కలిస్తే మోతాదు ఏడున్నర రెట్లు మారిపోతుంది. కోడులో ఒక ప్రమాణం తప్పినా పరీక్షలలో పట్టుకునే ఇంజనీర్లున్న ప్రాంతం ఇది. అదే ఇంజనీరు ఇంటికి వచ్చి, ప్రమాణం రాయని అంకెను నమ్మి ప్రాణమున్న జీవి నోట్లో మందు పోయడం నాకు అర్థం కాని విషయం.

నొప్పి అణిగితే రోగం పోయినట్టేనా?

గినీపిగ్ వేటకు గురయ్యే జాతి. నొప్పిని దాచుకోవడం దాని స్వభావం. అది వీపు గూనిలా వంచి, రోమాలు నిక్కబొడుచుకుని, పళ్లు కొరుకుతూ మూలన కూర్చుందంటే బాధ బాగా ముదిరిందని గ్రహించాలి. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి వంకరగా పెరిగి నాలుకకు, బుగ్గకు గుచ్చుకోవచ్చు. మూత్రాశయంలో రాళ్లు ఏర్పడవచ్చు. ఇవేవీ మాత్రతో తొలగిపోవు.

అన్నిటికంటే విచారకరమైనది స్కర్వీ. మనుషుల మాదిరిగానే గినీపిగ్ కూడా తన శరీరంలో సి విటమిన్ తయారుచేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు హోల్స్ట్, ఫ్రోలిష్ ఈ జీవిలోనే స్కర్వీని ప్రయోగపూర్వకంగా చూపి, మనుషుల స్కర్వీ రహస్యానికి దారి వేశారు. కుందేలు ఈ విటమిన్‌ను సొంతంగా తయారుచేసుకుంటుంది. కాబట్టి కుందేళ్ల మేతలో దానిని కలపవలసిన పని లేదు. ఆ మేతనే గినీపిగ్‌కు పెడితే కొన్ని వారాలకు కీళ్లు వాచి, కదలలేక మూలుగుతుంది. యజమాని దానికి నొప్పి మాత్ర ఇస్తాడు. కావలసినదేమో తాజా గడ్డి, క్యాప్సికమ్ ముక్క, కొద్దిగా జామపండు, అవసరమైతే వైద్యుడు సూచించిన సి విటమిన్. ఆహార లోపానికి నొప్పి మాత్ర వేయడం వైద్యం కాదు.

ఇక మందు చేసే హాని ఉండనే ఉంది. ఈ తరగతి నొప్పి మందులు మూత్రపిండాలకు రక్తప్రసరణను, జీర్ణాశయపు లోపొరను కాపాడే సహజ పదార్థాలను తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తక్కువైనప్పుడు ఈ ప్రమాదం హెచ్చుతుంది. మేత మానేసిన గినీపిగ్ సరిగ్గా ఆ స్థితిలోనే ఉంటుంది. దానికి వాంతి చేసుకునే శక్తి కూడా లేదు, మింగినది బయటకు రాదు. పైగా ఇంట్లో ఏదో ఒకటి ఇచ్చిన తరువాత ఆసుపత్రికి తెస్తే, అదే తరగతి మందును గానీ స్టెరాయిడ్‌ను గానీ వెంటనే ఇవ్వడానికి పశువైద్యుడు జంకవలసి వస్తుంది. మీరు ఇచ్చిన పావు మాత్ర, అసలు వైద్యానికే అడ్డుగోడ అవుతుంది.

ప్రయోగశాలలో ఉన్న రక్షణ ఇంట్లో లేదు

మన నగరంలో గినీపిగ్‌లు కొత్తగా వచ్చినవి కావు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోని ప్రయోగ జంతువుల కేంద్రం దేశంలోని పరిశోధనాలయాలకు ప్రయోగ జంతువులను అందించింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1998 నాటి నియమాల ప్రకారం ప్రయోగాలకు సంస్థలో నైతిక సంఘం అనుమతి ఉండాలి. అందులో పశువైద్యుడు సభ్యుడు. అనవసరమైన బాధ కలగకుండా మత్తు, నొప్పి నివారణ ఎలా అన్నది ముందుగానే రాసి చూపాలి.

ప్రయోగశాలలోని గినీపిగ్ నొప్పికి కాగితం మీద ఒక పూచీ ఉంది. ముద్దుగా పేరు పెట్టుకుని, సోఫా మీద పెంచుకునే గినీపిగ్ నొప్పికి ఉన్నది అపార్టుమెంటు వాట్సాప్ బృందం! ప్రేమ ఎక్కువ ఉన్నచోట జాగ్రత్త తక్కువ కావడం సిగ్గుపడవలసిన విషయం.

సాకులు, జవాబులు

"కొన్న ధర కంటే ఆసుపత్రి ఖర్చు ఎక్కువ" అంటారు. ధర జంతువుకు కట్టారు, నొప్పికి కట్టలేదు. పెంచుకోవాలని నిర్ణయించిన నాడే వైద్యపు ఖర్చు కూడా ఆ నిర్ణయంలో భాగం.

"ఈ జీవులు తెలిసిన పశువైద్యులు తక్కువ" అంటారు. ఇందులో నిజం ఉంది. మన క్లినిక్కులు ప్రధానంగా కుక్కలకు, పిల్లులకు అలవాటు పడ్డాయి. అయితే రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. ఏ క్లినిక్కులో గినీపిగ్‌లను చూస్తారో జంతువు ఆరోగ్యంగా ఉన్నప్పుడే విచారించి ఫోను నంబరు రాసి పెట్టుకోవచ్చు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వడం మొదలుపెట్టి, నీరు లేదని వాపోతే ఎలా?

"మరి నొప్పితో అల్లాడనివ్వమంటారా?" ఇది న్యాయమైన ప్రశ్న. అల్లాడనివ్వకూడదు. మందు ఇవ్వకపోవడమూ, చాలీచాలని మోతాదు ఇవ్వడమూ క్రూరత్వమే. సరైన నొప్పి మందు సమయానికి పడితే గినీపిగ్ తిరిగి మేత ముడుతుంది, పేగులు కదులుతాయి, ప్రాణం నిలుస్తుంది. నేను వ్యతిరేకిస్తున్నది నొప్పి మందును కాదు, గుడ్డి అంచనాను.

ఎవరు ఏమి చేయాలి?

యజమానులు వంటింటి త్రాసుతో వారానికొకసారి బరువు చూసి గ్రాములలో రాసుకోవాలి. మేత మానేస్తే మరునాటి దాకా ఆగకూడదు, ఒక పూట ఆలస్యం కూడా ప్రమాదమే. బయలుదేరే లోగా వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచి, గడ్డి, నీరు అందుబాటులో పెట్టండి. వైద్యుడు మందు రాస్తే మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి: సీసా గాఢత, ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకొకసారి. సిరంజి కూడా వారినే ఇమ్మనండి. అంతకుముందు ఇంట్లో ఏదైనా ఇచ్చి ఉంటే దాచకుండా చెప్పండి.

మందుల దుకాణదారులు చీటీ లేకుండా ఈ మందులు అమ్మడం మానాలి. మెలోక్సికామ్ చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందు. "కుక్కకా, పిల్లికా, ఎలుకకా" అని అడిగి చేతికివ్వడం చట్టసమ్మతం కాదు.

జంతువుల దుకాణాలకు 2018లో కేంద్రం నియమాలు చేసింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు తప్పనిసరి. అమ్మేటప్పుడు సి విటమిన్ సంగతి, పశువైద్యుని అవసరం ఒక కాగితం మీద అచ్చు వేసి ఇవ్వడం పెద్ద భారమేమీ కాదు. అడగవలసినది కొనుగోలుదారులు.

చివరిగా నా సహ వైద్యులకు ఒక మాట. గేటెడ్ కమ్యూనిటీలో పొరుగువారు ఆప్యాయంగా "మీరు డాక్టరే కదా" అని అడుగుతారు. మన పట్టా మనుషులకే. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం జంతు వైద్యాన్ని నమోదైన పశువైద్యులకు అప్పగించింది. మర్యాద కోసం ఒక అంకె చెప్పడం కంటే "నాకు తెలియదు, తెలిసినవారి దగ్గరకు వెళ్లండి" అనడం గౌరవప్రదం. మనం ఆ మాట అనగలిగితే, రేపు పసిబిడ్డకు పెద్దల మాత్ర విరవబోయే తల్లి కూడా ఒక్క క్షణం ఆగి, ఎవరినైనా అడిగి తెలుసుకుంటుంది.