హైదరాబాదు తొలి మేయరు మన జిల్లావారే



మా బందరు పురపాలక సంఘం నగరపాలక సంస్థగా మారి, 2021లో ఎన్నికలు జరిగి, ఊరికి మేయరు అనే పదవి వచ్చింది. ఆ పదవి పేరు వినగానే నాకు స్ఫురించేవారు మాత్రం మాడపాటి హనుమంతరావు పంతులుగారు. 1951లో హైదరాబాదు నగరానికి తొలి మేయరు అయినవారు. ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. ఆ తాలూకాకు అప్పటి జిల్లా కేంద్రం మన మచిలీపట్టణమే. అయినా మనవాళ్లు జిల్లా పెద్దలను స్మరించేటపుడు పట్టాభిగారితో మొదలుపెట్టి, కోపల్లె హనుమంతరావుగారు, దివి తాలూకా ముట్నూరి కృష్ణారావుగారు, భట్లపెనుమర్రు పింగళి వెంకయ్యగారు అని చెప్పి ఆగిపోతారు. గుడివాడలోనైతే మాట వెంటనే సినిమా నటులమీదికి పోతుంది. మాడపాటివారి ఊసు ఎవరి నోటా రాదు. ఇది నాకు న్యాయంగా తోచదు.

పసితనంలోనే తండ్రిని పోగొట్టుకొని, మేనమామల అండన నైజాం రాష్ట్రంలో పెరిగారాయన. చదువు సూర్యాపేటలోను, హనుమకొండలోను సాగింది. సర్కారు కొలువు కొన్నాళ్లు చేసి, మానుకొని, హైదరాబాదులో వకీలుగా స్థిరపడ్డారు. ఉర్దూ, పారసీకములు క్షుణ్ణంగా నేర్చి, ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు వ్యాసాలు వ్రాశారు. ప్రేమ్‌చంద్ కథలను తెలుగు చేశారు. పరభాష నేర్చినవాడు స్వభాషను చిన్నచూపు చూస్తాడని మనలో ఒక అపోహ ఉన్నది గదా! ఈయన జీవితం చూస్తే ఆ మాట నిలువదు.

1921 నవంబరులో హైదరాబాదులో సంఘసంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి కార్వే. ఆంగ్లంలో, ఉర్దూలో, మరాఠీలో ఎవరేమి మాటలాడినా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో ఉపన్యసించబోతే గేలి చేసి కూర్చోబెట్టింది. ఆ రాత్రే టేకుమాల రంగారావుగారి ఇంట కొందరు చేరి ఆంధ్ర జనసంఘం స్థాపించారు. దాని భారం అచిరకాలంలోనే మాడపాటివారి భుజాలమీద పడింది. గ్రంథాలయాలు, తెలుగు బడులు, వెట్టిచాకిరికి వ్యతిరేకంగా వ్రాతలు, అర్జీలు. బహిరంగ సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి పొందవలసిన రాజ్యంలో ఇదంతా నడిపించారు. ఆ కథను ఆయనే ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ అనే పేర రెండు భాగాలుగా వ్రాసిపెట్టారు.

బడిపంతులుగా బ్రతికినవాణ్ణి గనుక నా దృష్టి ఆయన మేయరు పదవికంటె, 1928లో నారాయణగూడలో వెలసిన బాలికల పాఠశాలమీదనే నిలుస్తుంది. ఆడపిల్లలకు చదువు, అదీ తెలుగు మాధ్యమంలో! ఉర్దూ రాజభాషగా ఉన్నచోట ఆ చదువుకు సర్కారు గుర్తింపు రాదు. గుర్తింపు లేని చదువుకు తలిదండ్రులు పిల్లలను పంపరు. ఈ చిక్కుకు ఆయన కనిపెట్టిన ఉపాయం, పూనాలో కార్వేగారు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి బడిని అనుబంధం చేయడం. తెలుగును గేలి చేసిన సభకు అధ్యక్షత వహించినవారి విద్యాసంస్థే తెలుగు బాలికలకు ఆసరా అయింది! ఆ బడి నేడు మాడపాటివారి పేరనే ఉన్నది.

ఆయనను మితవాది అని తీసిపారవేసేవారున్నారు. నిజమే, మితవాదే. అర్జీలమీద ఆయనకున్న నమ్మకం తరువాతి తరానికి లేదు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన సభతో ఆంధ్ర మహాసభ కమ్యూనిస్టుల చేతికి పోయి, మితవాదులు విడిపోయారు. కాని వెట్టిని ఎదిరించిన ఆ యువకులు చదువుకొన్న పుస్తకాలు ఏ గ్రంథాలయాలలోవి? సభ జరుపుకోవడం వారికి నేర్పినదెవరు?

1951 నుండి 1954 దాకా ఆయన మేయరు. సరిగ్గా ఆ నడుమనే, 1952 సెప్టెంబరులో, ముల్కీ ఉద్యమం చెలరేగింది. ‘నాన్ ముల్కీ గో బ్యాక్’ అని విద్యార్థులు వీధులకెక్కారు, పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. ఆ నగరానికి ప్రథమ పౌరుడు మదరాసు రాజధానిలోని కృష్ణా జిల్లాలో పుట్టినవాడు! స్థానికుల ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయన్న విద్యార్థుల బాధ న్యాయమైనదే. దానిని నేను కాదనను. అయితే బయటివారందరూ ఒక్క తీరువారు కారు. ఉద్యోగానికో, స్థలానికో పోయి, అక్కడి మాటను వెక్కిరించి, పండుగకు ఇంటికి తిరిగివచ్చేవారు ఒక తీరు. అక్కడి భాషలు నేర్చి, అక్కడి పిల్లలకు బడి కట్టి, 1970లో అక్కడే కన్నుమూసిన మాడపాటివారు మరొక తీరు.

మన బందరు, గుడివాడ, అవనిగడ్డల నుండి హైదరాబాదు చేరిన కుటుంబాలకు లెక్కలేదు. 2014లో రాష్ట్రం రెండైన తరువాత, ‘మమ్మల్ని పరాయివాళ్లుగా చూస్తున్నారండీ’ అని వారిలో కొందరు నాతో వాపోయారు. ‘ఆ ఊళ్లో ఒక్క బడికైనా, గ్రంథాలయానికైనా మీ చేయి సాగిందా నాయనా?’ అని నేనడిగితే మాట మార్చారు.

‘ఆంధ్ర పితామహ’ అన్న బిరుదు నేడు అక్కడివారికి ఇబ్బంది, పుట్టిన ఊరు మరచినందున ఇక్కడివారికి పట్టదు. తెలంగాణవారు ఏమి చేస్తారో వారి ఇష్టం. మన వంతుగా బందరు నగరపాలక సంస్థ సమావేశ మందిరంలో ఆయన పటమొకటి పెట్టి, జనవరి 22న మన బడులలో ఆయన్ని గురించి ఒక్క గంట పాఠం చెప్పించాలి. పటానికయ్యే ఖర్చు నేను భరిస్తాను.